తెల్ల గిత్తకు రంగులు వేయడం: చేత్తో చేసే స్టాంపు కార్డుల మీద వెలుగునీడలు

మా నాన్నది ఒంగోల్లో రబ్బరు స్టాంపుల కొట్టు. ఆఫీసుల గుండ్రటి సీళ్ళు, డాక్టర్ల పేర్లు, 'పెయిడ్', 'రిసీవ్డ్' అనే ముక్కలు. నా చిన్నతనమంతా వాటి మధ్యే గడిచింది. అచ్చు అక్షరాలు పేర్చి, వాటి మీద మూస తీసి, ఆ మూసలో రబ్బరు పెట్టి వేడి ప్రెస్సులో ఒత్తేవాడు. ఆ రబ్బరు వాసన ఆయన చొక్కా పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. తర్వాత పాలిమర్ వచ్చింది, ఇప్పుడు లేజర్ వచ్చింది. కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు. నేను గీసిన బొమ్మల్ని ఆ లేజర్ మీదే చెక్కించుకుని సంక్రాంతికి, దీపావళికి, పెళ్ళిరోజులకి, బారసాలలకి కార్డులు చేసి ఇస్తుంటాను. పదకొండేళ్ళుగా ఇదే పని.

స్టాంపు వేయడం ఎవరికైనా ఒక్క పూటలో వచ్చేస్తుంది. గీత పడ్డాక లోపల రంగు వేసే దగ్గరే చెయ్యి ఆగుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ అడిగేది ఒకటే: "బొమ్మ బాగానే పడిందక్కా, రంగు వేసేసరికి పిల్లల కలరింగ్ పుస్తకంలా అయిపోయింది, ఎందుకు?" బొమ్మంతా ఒకే రంగు, ఒకే ఒత్తిడితో నింపేయడం వల్ల. వెలుగు ఎటునుంచి పడుతుందో ముందే అనుకుని, అది పడే చోట కాగితాన్ని తెల్లగా వదిలేయగలిగితే సగం పని అయిపోయినట్టే. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. కాకపోతే దానికంటే ముందు ఇంకు గొడవ ఒకటి తేల్చుకోవాలి.

రంగు తేల్చుకున్నాకే ఇంకు

ఏ రంగులతో పనిచేయబోతున్నారో తేలాకే ప్యాడు మూత తీయండి. నేను దీన్ని నష్టపోయి నేర్చుకున్నాను. మొదటి ఏడాది ఒక అన్నప్రాసనకి అరవై కార్డులు ఒప్పుకున్నాను. కొట్లో ఉన్న మామూలు వయొలెట్ ప్యాడుతో అరవై కార్డులకీ ఒకే పూట ముద్రలు వేసి, సాయంత్రం వాటర్ కలర్స్ ముందేసుకుని కూర్చున్నాను. తడి బ్రష్ తగలగానే గీత కరిగి, పాపాయి బుగ్గంతా ఊదారంగు పాకింది. రెండో కార్డు కూడా అంతే. అన్నీ పక్కన పడేసి, రెండు రాత్రులు మేలుకుని మళ్ళీ చేశాను. నాన్న చూసి, "ప్యాడు ఇంకు నీళ్ళలో కలిపేదే కదా పాపా, దానికి మళ్ళీ నీళ్ళు తగిలిస్తే కరక్క ఏం చేస్తుంది?" అన్నాడు.

లెక్క అంతే. దేనితో చేసిన ఇంకు దానితోనే కరుగుతుంది. వాటర్ కలర్స్, మామూలు స్కెచ్ పెన్నులు వాడేటట్లయితే గీత వాటర్‌ప్రూఫ్ ఇంకుతో పడాలి. డబ్బా మీద పర్మనెంట్ అనో, ఆర్కైవల్ అనో రాసి ఉంటుంది. ఆల్కహాల్ మార్కర్లు వాడేటట్లయితే దానికి తిరగేసి, నీళ్ళతో చేసిన డై ఇంకు తీసుకోవాలి. స్పిరిట్ లాంటి ద్రావకంతో చేసిన పర్మనెంట్ ఇంకు మీద ఆల్కహాల్ మార్కర్ నడిపితే గీత నల్లగా చెదిరిపోతుంది. కలర్ పెన్సిళ్ళకి ఈ పేచీ లేదు, ఆరిన ఏ ఇంకైనా పనికొస్తుంది. ప్యాడు మీద ఏం రాసి ఉన్నా, అసలు కార్డు ముట్టుకునే ముందు ఒక చిత్తు ముక్క మీద ముద్ర వేసి, దాని మీద రంగు నడిపి చూడండి. ఆ రెండు నిమిషాలూ దండగ కావు.

పిగ్మెంట్ ఇంకు అని ఇంకొకటి ఉంది. చిక్కగా కాగితం పైనే నిలబడి, ఆరడానికి చాలాసేపు తీసుకుంటుంది. ఆలస్యంగా ఆరడమే దాని ఉపయోగం. తడిగా ఉండగానే ఎంబాసింగ్ పౌడర్ చల్లి, మిగిలిన పొడి దులిపేసి, హీట్ గన్‌తో వేడి చేస్తే పొడి కరిగి గీత ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన గీత చిన్న గట్టులా పనిచేస్తుంది, వాటర్ కలర్ దాన్ని దాటి పోదు. కొత్తగా బ్రష్ పట్టేవాళ్ళకి దీన్ని మించిన సాయం లేదు. హెయిర్ డ్రయ్యర్ మాత్రం వద్దు. దానికి గాలి ఎక్కువ, వేడి తక్కువ. పొడి ఎగిరి ఒళ్ళో పడుతుంది.

మన వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఒంగోలు ఎండకి ముద్ర ఇట్టే ఆరిపోతుంది. అదే నవంబరులో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే కాగితమే చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. ఆ రోజుల్లో నేను రాత్రి ముద్రలు వేసి, పొద్దున రంగుకి కూర్చుంటాను. కాగితాల కట్టను మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, బట్టలో మూటగట్టిన గుప్పెడు పొడి బియ్యంతో పాటు పెడతాను.

కాగితం, కొలత

ఏ4 షీటు 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. అడ్డంగా సగానికి కోసి, ఒక్కో సగాన్నీ మళ్ళీ మడిస్తే 105, 148 కొలతల కార్డు వస్తుంది, అంటే షీటుకి రెండు. బొమ్మను నేరుగా కార్డు మీద వేయను. 95, 138 కొలతతో వేరే ముక్క కోసి, దాని మీద ముద్ర, రంగు పూర్తి చేసి, కార్డు మీద అంటిస్తాను. చుట్టూ 5 మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది. చెడిపోతే చిన్న ముక్కే పోతుంది, కార్డు నిలుస్తుంది.

వాటర్ కలర్‌కి 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న) వాటర్ కలర్ పేపరే కావాలి. అంతకంటే పలుచనైతే తడికి అప్పడంలా వంకర్లు పోతుంది. అందులో నునుపుగా ఉండే హాట్ ప్రెస్డ్ రకం అయితే ముద్ర తెగకుండా పడుతుంది. పెన్సిళ్ళకి కొంచెం గరుకు ఉండాలి, మెరిసే ఆర్ట్ కార్డు మీద పెన్సిల్ జారిపోతుంది. ఆల్కహాల్ మార్కర్లకి నున్నటి మందపాటి కార్డు షీటు మంచిది.

గరుకు కాగితం మీద గీత మధ్యలో తెగితే బాధపడకండి. రెండు మందపాటి అట్టముక్కల్ని ఎల్ ఆకారంలో ఒక పలక మీద అంటించి పెట్టుకోండి. కాగితం మూల, స్టాంపు చెక్క మూల ఆ ఎల్ మూలకి ఆనించి వేస్తే, రెండోసారి వేసిన ముద్ర కూడా సరిగ్గా మొదటిదాని మీదే పడుతుంది. చెక్క ఎప్పుడూ ఒకే వైపు ఆనేలా దాని వెనక బాణం గుర్తు గీసుకోండి.

గిత్త

సంక్రాంతికి నా దగ్గర ఎక్కువ అడిగే కార్డు ఒంగోలు గిత్తది. బ్రెజిల్లో కూడా ఈ జాతిని మన నెల్లూరు పేరుతో 'నెలోర్' అనే పిలుస్తారు. అంత పేరున్న పశువే గానీ, రంగు వేయడానికి ఇంత కష్టమైన బొమ్మ నాకింకోటి తగల్లేదు. తెల్ల కాగితం మీద తెల్ల పశువు. ఇది వచ్చిందంటే మిగతావన్నీ వస్తాయి. అందుకే నేర్చుకునేవాళ్ళకి నేను దీనితోనే మొదలుపెడతాను.

మొదలుపెట్టే ముందు ఒక కోడిగుడ్డును తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ పక్కన ఉంచి ఐదు నిమిషాలు చూడండి. వెలుగు వచ్చే వైపు గుడ్డు తెల్లగా మెరుస్తుంది. అటునుంచి మెల్లగా బూడిదరంగులోకి దిగుతుంది. అన్నిటికంటే ముదురుగా ఉండే చోటు మాత్రం అవతలి అంచున ఉండదు. అంచుకు కాస్త ఇవతలే ఉంటుంది. అంచు దగ్గర మళ్ళీ కొంచెం తేలికపడుతుంది, కింద కాగితం మీద పడిన వెలుగు తిరిగి గుడ్డుకి తగులుతుంది కాబట్టి. ఆ సన్నటి వెలుగు అంచే గుడ్డును గుండ్రంగా చూపిస్తుంది. నీడను అంచుదాకా ముదురుగా లాగేస్తే బొమ్మ కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

ఇప్పుడు గిత్త. గీతను నలుపులో వేయకండి, తెల్ల పశువు చుట్టూ నల్ల గీత గొలుసు చుట్టినట్టు బరువుగా ఉంటుంది. లేత బూడిదరంగు ఇంకు వాడండి. లేకపోతే నల్ల ఇంకు అద్దిన స్టాంపును ముందు చిత్తు కాగితం మీద ఒకసారి ఒత్తి, మళ్ళీ ఇంకు అద్దకుండా అసలు ముక్క మీద ఒత్తండి. లేతగా పడుతుంది.

వెలుగు ఎడమవైపు పైనుంచి అనుకుందాం. ఒక స్టికీ నోటు మీద బాణం గీసి బల్లకి ఆ మూల అంటించుకోండి. నేను ఇప్పటికీ అంటించుకుంటాను. పని మధ్యలో ఫోనొచ్చి లేచి వెళ్ళి వస్తే నీడ ఎటు వేస్తున్నామో మర్చిపోతాం.

24 పెన్సిళ్ళ పెట్టెలో బూడిదరంగు ఉంటే ఒకటి ఉంటుంది. దాన్ని నమ్ముకోకండి. లేత నీలం ఒక పొర, దాని మీద లేత గోధుమరంగు ఒక పొర వేస్తే ప్రాణమున్న బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, గోధుమరంగు ఎక్కువైతే వెచ్చగా ఉంటుంది. ఎండలో తెల్లటి వస్తువు నీడ పక్కకి ఆకాశం రంగు దిగుతుంది. మా ఒంగోలు దగ్గర కొత్తపట్నం బీచ్‌కి మిట్టమధ్యాహ్నం దాటాక వెళ్ళి, ఒడ్డున ఆరేసిన తెల్ల పంచె మడతల్లోకి చూడండి, ఆ నీలం కనిపిస్తుంది. అందుకని వీపు పక్కన, మెడ పక్కన నీలం ఎక్కువ వేస్తాను. పొట్ట కింద మాత్రం గోధుమరంగు ఎక్కువ, కింద మట్టి మీది వెలుగు అక్కడికి తగులుతుంది.

పెన్సిల్‌ను మొనకి దూరంగా, వెనకగా పట్టుకోండి. చెయ్యి బరువు పడకూడదు. చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ఒక్కో పొరా ఉందా లేదా అన్నంత పలుచగా, ఐదారు పొరలు. మొదటి రెండు పొరలకి ఏమీ కనిపించదు. అప్పుడే ఓపిక పోయి గట్టిగా ఒత్తేస్తారు. ఒత్తితే మైనం పొర కట్టి కాగితం నిగనిగలాడుతుంది, ఆ మీదట ఏ రంగూ పట్టదు. ఎక్కువైన చోట మెత్తటి ఎరేజర్‌ను అద్ది తీయండి, రుద్దకండి.

మూపురం గుడ్డు లాంటిదే. ఎడమ పైభాగం కాగితాన్ని వదిలేయండి. మగ పశువుకి తల, మెడ, మూపురం దగ్గర బూడిద నలుపు తిరుగుతుంది కాబట్టి ఇక్కడ ముదురు వేసే స్వేచ్ఛ ఉంది. అంచుకు ఒక మిల్లీమీటరు ఇవతల అన్నిటికంటే ముదురు పట్టీ, ఆ మిల్లీమీటరు లేతగా. గంగడోలు మడతలు ఒక్కోటీ విడిగా చూసుకోవాలి. మడత లోపల ముదురు గీతతో మొదలుపెట్టి, ఒక్క పక్కకే మెల్లగా చెరిపేస్తూ పోవాలి. రెండు పక్కలా చెరిపితే మడత తాడులా ఉబ్బుతుంది. అవతలి వైపు కాళ్ళు రెండింటికీ మొత్తంగా ఒక పొర నీడ కప్పేయండి. ఇవతలి కాళ్ళు వాటంతటవే ముందుకొస్తాయి. మోకాళ్ళ దగ్గర, తోక కుచ్చుకి ముదురు. కంటికి నలుపు పెట్టి, వెలుగొచ్చే వైపు తెల్ల జెల్ పెన్నుతో ఒక్క చుక్క. ఆ చుక్క పెట్టేదాకా అది బొమ్మ, పెట్టాక అది మన వంక చూస్తుంది.

ఇంత చేసినా ఎడమ వైపు వీపు కాగితంలో కలిసిపోయే ఉంటుంది. గీత ముదురు చేయాలనిపిస్తుంది, వద్దు. వెనక రంగు వేయండి. తెల్లగా వదిలిన వీపు పక్కన వెనక రంగు ముదురుగా, నీడ ఉన్న కుడివైపు వెనక రంగు లేతగా ఉండాలి. వెలుగు పక్క చీకటి, చీకటి పక్క వెలుగు. నేను లేత ఆకుపచ్చను వీపు మీదుగా కొంచెం చిక్కగా మొదలుపెట్టి, పైకి వెళ్ళేకొద్దీ మాయం చేస్తాను, దూరంగా మినుము చేను ఉన్నట్టు. నేల మీద నీడ కుడివైపు పడాలి. గిట్టల దగ్గర చిక్కగా, దూరమయ్యేకొద్దీ పలుచగా. ఈ నీడ లేకపోతే గిత్త గాల్లో తేలుతుంది.

గంగిరెద్దు స్టాంపు అయితే వీపు మీద రంగురంగుల బొంత కూడా ఉంటుంది. దాని మడతల నీడలకి నలుపు వాడకండి, రంగు మురికిపడుతుంది. పసుపు నీడకి ముందు ఆవరంగు, తర్వాత ఊదా ఒక్క పలుచని పొర. ఎరుపు నీడకి మెరూన్, లోతున ముదురు ఆకుపచ్చ చిటికెడు. ఆకుపచ్చ నీడకి ముదురు నీలం. పసుపు-ఊదా, ఎరుపు-ఆకుపచ్చ లాంటి ఎదురుబొదురు రంగులు కలిస్తే ఒకదాని మెరుపు ఒకటి తగ్గిస్తాయి. నీడలో కావలసింది అదే.

దీపం

దీపావళి కార్డుకి పెన్సిల్ పని తక్కువ, స్పాంజి పని ఎక్కువ. ప్రమిద ముద్ర వాటర్‌ప్రూఫ్ ఇంకుతో వేసి ఆరనివ్వండి. అదే ముద్రను ఒక స్టికీ నోటు మీద, వెనక జిగురు ఉన్న భాగానికి పైవైపు పడేలా వేసి, గీత లోపలి అంచున కత్తిరించి, అసలు బొమ్మ మీద కప్పండి. మంటకి వేరే ముక్క. ఇక చుట్టూ ఎంత రంగు వేసినా ప్రమిదకి అంటదు.

స్పాంజికి డై ఇంకు అద్ది, ముందు పక్కనున్న చిత్తు కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ, అలా తిప్పుతూనే కార్డు మీదికి రావాలి. నేరుగా కార్డు మీద దించితే ఒక మచ్చ పడుతుంది, అది ఇక పోదు. మంట చుట్టూ పసుపు, తర్వాత నారింజ, తర్వాత గులాబీ, ఆపైన ఊదా, చివర అంచులకి ముదురు నీలం. ఈ వరస తప్పకండి. పసుపు పక్కనే నీలం తెస్తే మధ్యలో ఆకుపచ్చ పుడుతుంది. నారింజ పక్కన నీలం తెస్తే మట్టిరంగు వస్తుంది. ముదురు రంగు వేశాక మళ్ళీ దాని ముందున్న లేత రంగు స్పాంజితో ఆ సరిహద్దు మీద ఒకసారి తిప్పితే కలిసిన చోటు తెలియదు.

ముక్కలు తీసేశాక ప్రమిదకి రంగు. ఇక్కడ వెలుగు పైనుంచి రాదు, మంట నుంచే వస్తుంది. చాలామంది ఇక్కడ పొరబడతారు. ప్రమిద లోపలి అంచు, మంటకి దగ్గరున్న మూతి వెలగాలి, అడుగుభాగం చీకటిగా ఉండాలి. మంట నడిమధ్య కాగితం తెల్లగా వదిలేయండి. పసుపు పూసేస్తే దీపం ఆరిపోయినట్టే ఉంటుంది.

మందారం, మార్కర్లు

మందారానికి వాటర్ కలర్. ఒక రేకను మంచినీళ్ళతో తడిపి, తడి మెరుస్తుండగా రేక మొదలు దగ్గర ఎరుపు చుక్క దించితే అదే అంచుకి పాకుతుంది, నీడ మనం వేయక్కర్లేదు. పక్కపక్క రేకలు ఒకేసారి వేయకండి, తడి కలిసిపోతుంది. ఒకటి వదిలి ఒకటి వేస్తూ, మొదటివి ఆరాక మిగతావి. ఎండాకాలం ఫ్యాన్ ఆపుకుని పనిచేయండి, లేకపోతే రంగు దించేలోపే రేక ఆరిపోతుంది. సగం ఆరిన రంగులో మళ్ళీ నీళ్ళు పెడితే గోబీపువ్వు ఆకారంలో మరక విచ్చుకుంటుంది. పూర్తిగా ఆరనివ్వండి, లేదా తడిగా ఉండగానే సరిచేయండి. వెలుగు కావలసిన చోట టిష్యూ మూలను మెలిపెట్టి అద్దితే రంగు లేస్తుంది.

ఆల్కహాల్ మార్కర్లు నేను తక్కువ వాడతాను. ఒకే రంగులో లేత, మధ్య, ముదురు మూడూ కావాలి. లేతది మొత్తం పూసి, ముదురుది నీడలో పెట్టి, మధ్యదానితో సరిహద్దు కలిపి, చివర మళ్ళీ లేతదానితో అంతా తడపాలి. తడి ఆరకముందే ఇదంతా జరగాలి కాబట్టి చిన్న చిన్న భాగాలుగా చేయండి. రంగు కాగితం వెనక్కి దిగుతుంది, కింద చిత్తు కాగితం తప్పనిసరి.

అరవై కార్డులకి ముద్ర వేసి చేత్తో రంగులు దిద్దుతుంటే ఇంత పని ఎందుకు అనిపించే రోజులుంటాయి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన మొదటి క్రిస్మస్ కార్డులకీ గీతలు అచ్చు వేసి, రంగులు ఒక్కో కార్డుకీ చేత్తోనే వేశారు. ఆ సంగతి గుర్తొస్తే నాకు చెయ్యి ఆగదు.

రంగు పూర్తయిన ముక్కను బరువైన పుస్తకం కింద ఒక రాత్రి ఉంచి, మర్నాడు వెనక నాలుగు అంచులకీ, మధ్యలో ఇంటూ గుర్తుగా డబుల్ సైడ్ టేపు వేసి కార్డుకి అంటించండి. నీళ్ళ జిగురు వద్దు, ఆరాక కార్డు వంగుతుంది. పెన్సిల్ పని మీద వేలు పడితే చెదురుతుంది కాబట్టి కవర్లో పెట్టేటప్పుడు బొమ్మ మీద బటర్ పేపర్ ముక్క ఒకటి కప్పండి. లోపల రాసేది మాత్రం బాల్ పెన్నుతో గట్టిగా ఒత్తి రాయకండి, ముందువైపు అంటించిన గిత్త వీపు మీద మీ అక్షరాలు తేలతాయి.